క్షమించానని ప్రభువుతో చెప్పాక కూడా కడుపు మండుతుంటే...

బ్రదర్ గారికి వందనాలు.

మీ ప్రశ్న నిదానంగా చదివాను. తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావడానికి రెండు ముక్కల్లో చెబుతాను. నర్సాపురం దిగువన మీ వరిచేను. దాన్ని ఆనుకుని మీ చిన్నాన్నగారబ్బాయి రొయ్యల చెరువు తవ్వించాడు. ఉప్పునీటి ఊట మీ చేలోకి దిగి సార్వా పోయింది, దాళ్వా పోయింది. ఆయన మీ సంఘంలోనే పరిచారకుడు. తప్పయిందని ఇంతవరకూ ఒక్క మాట అనలేదు, పైగా "ప్రభువు చూసుకుంటాడులే అన్నయ్యా" అన్నాడు. పాస్టరుగారేమో "క్షమించు, లేకపోతే బల్లకి (ప్రభురాత్రి భోజనానికి) దూరంగా ఉండు" అన్నారు. మీరు మోకరించి క్షమించానని చెప్పుకున్నారు. అయినా రాత్రిళ్ళు ఆయన చెరువులో ఏరియేటర్ల (నీళ్ళలో గాలి కలిపే యంత్రాల) చప్పుడు వినపడగానే నిద్ర పట్టడం లేదు. అసలు నేను క్షమించినట్టా కాదా, తహసీల్దారు ఆఫీసులో ఇచ్చిన అర్జీ వెనక్కి తీసుకోవాలా, వచ్చే నెల వాళ్ళమ్మాయి పెళ్ళికి వెళ్ళాలా అని అడిగారు.

నేను వేదాంత కళాశాలలో చదువుకున్నవాణ్ణి కాదు. సంఘ పెద్దగా చాలా ఏళ్ళు గట్టు తగాదాల్లోనూ, కొబ్బరితోటల పంపకాల్లోనూ, అత్తాకోడళ్ళ మధ్యా కూర్చున్నవాణ్ణి. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపిన వాక్యం వేరే ఉంది. "మాకు ఎంత పోయిందో సంఘంలో ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు" అన్నారు. అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. యోబు స్నేహితులు ముగ్గుర్నీ మనం చెడ్డవాళ్ళ కిందే జమకట్టేస్తాం గానీ, వాళ్ళు మొదట చేసిన పని చాలా గొప్పది. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద కూర్చున్నారు. అతని బాధ ఎంత పెద్దదో చూసి ఒక్కరూ నోరు విప్పలేదు. నోరు విప్పాకే అంతా చెడింది. మన సంఘాల్లో ఆ ఏడు రోజులూ ఎగరగొట్టి నేరుగా ఎనిమిదో రోజుకి వెళ్ళిపోతాం. రెండు పంటలు పోయినవాడి గుమ్మంలో నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా "క్షమించెయ్యండి బ్రదర్, సాతానుకి చోటివ్వకండి" అంటాం. ఏడ్చువారితో ఏడవమని పౌలు రాశాడు. ఏడ్చేవాడి నోరు మూయించమని ఎక్కడా రాయలేదు.

కాబట్టి క్షమించడం సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు ఒక కాగితం తీసుకుని నష్టం రాయండి. దుక్కి, నారుమడి, ఊడ్పు కూలి, ఎరువులు, రావాల్సిన ధాన్యం ఎన్ని బస్తాలు, ఆ రోజుల్లో బస్తా ధర ఎంత, చేను మళ్ళీ మామూలు కావడానికి ఇంకా ఎన్ని పంటలు పోతాయి, అన్నీ రాయండి. మీ ఇంటావిడ గాజులు తాకట్టులో ఉన్నాయన్నారు కదా, ఆ వడ్డీతో సహా వెయ్యండి. ఇది పగ పెంచుకోవడం కాదా అని మీకు అనిపించొచ్చు. కాదు. ఎందుకో మత్తయి 18వ అధ్యాయంలోనే ఉంది.

పేతురు ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని అడిగితే ప్రభువు డెబ్బది ఏళ్ల మారులని (అంటే డెబ్బై ఏడుల సార్లని) చెప్పి, వెంటనే బాకీల కథ చెప్పాడు. యజమాని తన దాసుడికి పదివేల తలాంతుల బాకీ వదిలేస్తాడు, ఆ దాసుడు మాత్రం తనకి నూరు దేనారాలు బాకీపడ్డ తోటి దాసుణ్ణి వదలడు. పదివేల తలాంతుల మీద ప్రసంగాలు మనం చాలా విన్నాం. తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు. దేనారం ఒక రోజు కూలి. అంటే ఆ దాసుడి బాకీ 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా 2 లక్షల ఏళ్ళు పడుతుంది. ఇంతవరకూ బోధకులు బాగానే చెబుతారు. తర్వాత నూరు దేనారాల దగ్గరికి వచ్చేసరికి చిటికెన వేలు చూపించి "ఇంతే, ఈ కాస్త దానికి" అంటారు. నాకు అభ్యంతరం అక్కడే. నూరు దేనారాలంటే నూరు రోజుల కూలి. దాళ్వాలో ఊడ్పు నుంచి కోత దాకా పట్టేంత కాలం. కూలికి వెళ్ళేవాడి ఇంట్లో అది "ఈ కాస్త" ఎలా అవుతుంది? ప్రభువు ఆ బాకీ లేదనలేదు. చిన్నదని కూడా అనలేదు. పదివేల తలాంతుల పక్కన పెడితేనే అది చిన్నది, ఆ మనిషి బతుకులో మాత్రం పెద్దదే. ఆ పెద్దదాన్నే వదలమన్నాడు. "పోనీలెండి, మాకేం పెద్ద నష్టం రాలేదు" అనేవాడికి వదలడానికి చేతిలో ఏముంది? లెక్క రాసుకున్నవాడే వదలగలడు.

అదే కథలో ఇంకొకటి మన ప్రసంగాల్లో వినపడదు. ఆ దాసుడు తోటివాడి గొంతు పట్టుకుని చెరసాల్లో వేయిస్తుంటే, చూసిన తోటి దాసులు ఊరుకోలేదు. దుఃఖపడి, వెళ్ళి యజమానితో జరిగిందంతా చెప్పారు. వాళ్ళని ప్రభువు తప్పుపట్టలేదు. అన్యాయం జరిగిందని చెప్పడం క్షమాగుణానికి విరుద్ధమైతే ఈ కథ సగంలో ఆగిపోయి ఉండేది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. నేను క్షమించినట్టా కాదా? ఎవరైనా నన్ను ఇలా అడిగితే నేను తిరిగి ఒకటే అడుగుతాను. రేపొద్దున ఆయన చెరువుకి వైట్ స్పాట్ జబ్బు తగిలిందని, రొయ్య తేలిపోయిందని ఎవరో వచ్చి చెబితే, మొట్టమొదటి క్షణంలో మీ లోపల ఏం జరుగుతుంది? "బాగా అయింది" అని తియ్యగా అనిపిస్తే పని ఇంకా ఉంది. "అయ్యో" అనిపించకపోయినా ఫర్వాలేదు, ఆ తీపి లేకపోతే చాలావరకు వదిలేసినట్టే. చేను చూసినప్పుడు గుండె మండడం వేరు, ఆయన పాడవ్వాలని కోరుకోవడం వేరు. మొదటిది దెబ్బ తగిలినచోటి సలుపు. రెండోది పగ. సలుపుని పట్టుకుని "నువ్వు క్షమించలేదు" అని మిమ్మల్ని మీరు శిక్షించుకోకండి.

ఉప్పెక్కిన చేను సంగతి మీకు నేను చెప్పాలా? మంచినీళ్ళు ఒక్కసారి పెట్టేస్తే ఉప్పు పోదు. నిలబెట్టాలి, మురుగులోకి తీసెయ్యాలి, మళ్ళీ పెట్టాలి. పైగా మురుగు దారి లేని చేలో ఎన్ని నీళ్ళు పెట్టినా ఉప్పు కిందకి దిగి, ఎండ కాయగానే మళ్ళీ పైకి తేలుతుంది. మనసూ అంతే. డెబ్బది ఏళ్ల మారులంటే అవతలివాడు అన్నిసార్లు తప్పు చేస్తాడనే కాదు, ఒకే తప్పు మనకి అన్నిసార్లు గుర్తొస్తుందని కూడా. గుర్తొచ్చిన ప్రతిసారీ మళ్ళీ వదలాలి. రాత్రి ఏరియేటర్ తిరిగినప్పుడల్లా మీకు ఆ పని పడుతోందంటే నిన్నటి ప్రార్థన అబద్ధమని కాదు అర్థం. సూర్యుడు అస్తమించేవరకు మీ కోపం నిలిచి ఉండకూడదన్నాడు పౌలు. కోపం రాకూడదని కాదు, రేపటికి దాచుకోకూడదని.

ఇక ఆ మురుగు దారి ఏమిటి? కీర్తనలు. 55వ కీర్తన ఈ రాత్రి పైకి చదవండి. శత్రువు నిందిస్తే సహించేవాణ్ణి, కానీ నువ్వు నా స్నేహితుడివి, కలిసి దేవుని మందిరానికి వెళ్ళినవాళ్ళం కదా అని దావీదు మొత్తుకుంటాడు. ఒకే బల్ల దగ్గర కూర్చునేవాడి చేతిలో దెబ్బతిన్న మీకు అంతకంటే దగ్గరి మాట దొరకదు. ఆ కీర్తనలో పెద్ద పెద్ద శాపాలు కూడా ఉన్నాయి, చూసి కంగారుపడకండి. అవి దేవుడి ముందు కక్కినవి. కాలవగట్టు మీద టీ కొట్టు దగ్గర కక్కితే అదే ఉప్పు ఊరంతా పారుతుంది.

బల్ల సంగతి. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ దొరలు మన నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో పని మొదలుపెట్టినప్పటి నుంచీ ఇక్కడి బ్రదరన్ కూటాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. మీదీ ఆ వరసే అన్నారు కాబట్టి మీకు ఈ గండం వారం వారం వస్తోంది. నెలకొకసారి సంస్కారం ఉండే సంఘాల్లో జనం ఆ ఒక్క ఆదివారం ఊరెళ్ళిపోయి తప్పించుకుంటారు. (నవ్వులాటకి అనడం లేదు, ఎంతమందిని చూశానో.) పాస్టరుగారు చెప్పినదాంట్లో రెండు వాక్యాలు కలిసిపోయాయి. మత్తయి 5లో బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి వెళ్ళమన్నది ఎవరిని? "నీమీద నీ సహోదరునికి విరోధం" ఉందని గుర్తొచ్చినవాణ్ణి. అంటే నష్టం చేసినవాణ్ణి. ఆ మాట ప్రకారం లేచి వెళ్ళాల్సింది మీ తమ్ముడు. నష్టపోయినవాడికి చెప్పింది మార్కు 11లో ఉంది. మీరు నిలబడి ప్రార్థన చేస్తున్నప్పుడు ఎవరిమీదనైనా మీకు ఏమైనా ఉంటే క్షమించండి అన్నాడు. నిలబడిన చోటే, అప్పుడే. ఎక్కడికీ వెళ్ళమనలేదు, బల్ల మానమనలేదు, అవతలివాడు వచ్చి అడిగేదాకా ఆగమనీ అనలేదు. ఈ తేడా గమనిస్తే చాలా బరువు దిగుతుంది.

ఇక కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం. అందరూ అక్కడి హెచ్చరిక చెప్పి భయపెడతారు. పౌలు అన్నది తన్ను తాను పరీక్షించుకుని, అలా చేసి ఆ రొట్టె తినమని. పరీక్షించుకుని మానెయ్యమని కాదు. ఆ రాత్రి మేడగదిలో ప్రభువు ఏమన్నాడు? తనని అప్పగించేవాడి చెయ్యి తనతో పాటు బల్లమీదే ఉందన్నాడు. తెలిసీ రొట్టె విరిచాడు. కాబట్టి మీరు బల్ల మానకండి. మీ తమ్ముడు తీసుకుంటున్నాడా లేదా అని ఆయన చేతివైపు చూడకండి.

ఇక కష్టమైన దగ్గరికి వద్దాం. మీరు మీ తమ్ముడి గురించి రాసిన ప్రతి వాక్యంలోనూ ఆయన ఒక చెరువుగట్టులాగే కనిపించాడు, మనిషిలా కనిపించలేదు. మంచి శుక్రవారం, ప్రభువు సిలువమీద పలికిన ఏడు మాటల్లో మొదటి మాట మీద ప్రసంగం ఎప్పుడూ ఎవరో కుర్రాడికి ఇచ్చేస్తాం, తేలికని. "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము." నా మటుకు ఏడింటిలోనూ కష్టమైనది అదే. మేకులు కొట్టేవాళ్ళ తరఫున మేకులు దిగినవాడు ఒక కారణం వెతికి పెడుతున్నాడు. వాళ్ళకి సిలువ వేస్తున్నామని తెలుసు. ఏం చేస్తున్నామో మాత్రం తెలీదు. ఎదుటివాడికి ఏం తెలుసు, ఏం తెలీదు అని ఆగి ఆలోచించడమే సానుభూతికి మొదలు. తప్పుని ఒప్పు చెయ్యడం కాదది. ఒప్పు అయితే క్షమించమని అడగడం దేనికి?

మీ తమ్ముడి సంగతి నాకు తెలీదు గానీ, రొయ్య వేసినవాళ్ళ బతుకు తెలుసు. 2009 తర్వాత వనామీ రకం రొయ్య వచ్చాక డెల్టాలో ఎంతమంది వరి వదిలి అటు వెళ్ళారో, అందులో ఎంతమంది చేతులు కాల్చుకున్నారో మీరూ చూశారు. మిమ్మల్ని నిద్రపోనివ్వని ఆ ఏరియేటర్ ఆగిపోతే ఆయనకి నిద్ర ఉండదు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయే వేళకి కరెంటు పోతే, జనరేటర్ అందుకోకపోతే, మొత్తం పెట్టుబడి పొద్దున్నకి తెల్లగా తేలుతుంది. మేత కొట్టువాడి దగ్గర అప్పు, సీడ్ (రొయ్య పిల్లల) అప్పు, కౌంట్ (అమ్మకానికి తగ్గ సైజు) వచ్చే వేళకి రేటు పడిపోవడం. 2025లో అమెరికావాళ్ళు సుంకాలు పెంచేసరికి ఇక్కడ చెరువుగట్ల మీద ముఖాలు ఎలా మాడిపోయాయో గుర్తుందా? అలాంటి మనిషి "నీ చేను పాడైంది నిజమే" అని ఒప్పుకుంటే తర్వాతి మాట డబ్బు గురించే ఉంటుందని ఆయనకి తెలుసు. ఆ డబ్బు లేదేమో. "ప్రభువు చూసుకుంటాడులే" అన్నది భక్తి కాకపోవచ్చు, పొగరూ కాకపోవచ్చు, భయం కావచ్చు. కాదు, నిజంగా పొగరే కూడా కావచ్చు. వెళ్ళి కూర్చుంటే గానీ తెలీదు.

ఎలా వెళ్ళాలో కూడా ఆ 18వ అధ్యాయమే చెప్పింది, పేతురు ప్రశ్నకి కాస్త పైనే. మీరూ ఆయనా ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పాలి. వినకపోతే ఒకరిద్దర్ని వెంటబెట్టుకుని వెళ్ళాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. మన ఊళ్ళలో ఇది తలకిందులుగా జరుగుతుంది. మొదట టీ కొట్టులో చెబుతాం, తర్వాత స్త్రీల కూడికలో ప్రార్థనాంశం కింద చెప్పిస్తాం, ఆ తర్వాత పాస్టరుగారికి ఫోను చేస్తాం, అసలు మనిషికి మాత్రం ఎవరో చెబితే తెలుస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి మీరూ ఆయనా ఇద్దరే కూర్చుని మాట్లాడుకున్నది ఒక్కసారీ లేదు. అర్జీ పెట్టక ముందూ లేదు, పెట్టాక కూడా లేదు.

వెళ్ళేటప్పుడు ఆ నష్టం కాగితం జేబులో ఉండనివ్వండి, చేతిలో వద్దు. పొద్దున్నే వద్దు, మేత వేసే టైము. ఆదివారం కూటం అయ్యాక అసలే వద్దు, నలుగురూ చూస్తుంటారు. ఆయన చెరువు దగ్గరికే వెళ్ళండి. ముందు చెరువు ఎలా ఉందని అడగండి, నిజంగా తెలుసుకోవాలనే అడగండి. తర్వాత ఒకే మాట: "తమ్ముడూ, నీ మీద పగ పెట్టుకోలేదు. కానీ చేను పోయింది. వచ్చి ఒకసారి చూడు." డబ్బు మాట మొదటిరోజు ఎత్తకండి. ఆయన వచ్చి, ఆ తెల్లగా పేరుకున్న ఉప్పు మీద కాలు పెట్టి చూస్తే జరిగే పని మీ ఉపన్యాసంతో జరగదు. మీరు ఆయన బాధ చూడ్డానికి వెళ్ళడం ఎంత అవసరమో, ఆయన మీ చేను చూడ్డానికి రావడమూ అంతే అవసరం.

ఆయన అరిస్తే? లేచి వచ్చెయ్యండి. తర్వాత ఇద్దర్ని తీసుకెళ్ళండి. ఆ ఇద్దరిలో పాస్టరుగారు ఉండకపోతే మంచిది. ఆయన ఇల్లు కట్టడానికి మీ తమ్ముడే ఎక్కువ ఇచ్చాడని మీరే రాశారు. పాస్టరుగారు చెడ్డవారని కాదు, ఆయన్ని ఆ ఇరకాటంలో పెట్టడం ఆయనకే అన్యాయం. రొయ్యా వరీ రెండూ తెలిసిన పెద్దమనిషి ఒకరు, మీ ఇద్దరికీ బంధువైనవాళ్ళు ఒకరు చాలు.

ఇక్కడ ఒక మాట అనకపోతే నాకు నిద్ర పట్టదు. మన సంఘాల్లో "క్షమించు" అనే మాట ఎప్పుడూ కిందకే పారుతుంది. కౌలుదారుడికి చెబుతాం, భూమిగలాయనకి చెప్పం. కోడలికి చెబుతాం, అత్తగారికి చెప్పం. తాగి కొట్టేవాడి భార్యకి "సహించమ్మా, ప్రభువు మారుస్తాడు" అంటాం. ఆవిడ దెబ్బలు తింటూ ఆ ఇంట్లోనే ఉండాలని ఏ వాక్యమూ చెప్పలేదు. ఇది చదివేవాళ్ళలో అలాంటి చెల్లెళ్ళు ఎవరైనా ఉంటే ముందు భద్రంగా ఉండే చోటికి వెళ్ళండి, 181కి గాని, ప్రాణం మీదికొస్తే 112కి గాని ఫోను చెయ్యండి. క్షమించడం అక్కడికి వెళ్ళాక కూడా చెయ్యొచ్చు. జక్కయ్య పశ్చాత్తాపపడినప్పుడు "క్షమించండి" అని ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ ప్రసంగం పరిచారకుల వరసకి ఎదురుగా నిలబడి ఎవరైనా చెయ్యాలి.

అర్జీ సంగతి. పగతో పెట్టారా, చేను కాపాడుకోవడానికి పెట్టారా? మీ మనసుకి తెలుసు. చేను కోసమైతే వెనక్కి తీసుకోనక్కర్లేదు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ గారినీ, ఇద్దరు చిన్నపిల్లల్నీ సజీవ దహనం చేస్తే, ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ చంపినవాళ్ళని క్షమించానని అందరిముందూ చెప్పింది. బరిపదలో కుష్ఠురోగుల సేవ వదిలి వెంటనే వెళ్ళిపోలేదు కూడా. అలాగని కేసు ఆగలేదు. కోర్టు తన పని తాను చేసింది, శిక్షలు పడ్డాయి. ఆవిడ క్షమించడం ఒక లెక్క, న్యాయస్థానం చెయ్యాల్సింది ఇంకో లెక్క. ఆ రెండూ ఒకదాన్నొకటి చంపుకోలేదు. పౌలు కూడా ఫిలిప్పీలో అన్యాయంగా కొట్టించినవాళ్ళని, మీరే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్ళాలి అన్నాడు. రోమా పౌరుడిగా తన హక్కు వాడుకున్నాడు.

"మరి కొరింథీయుల పత్రిక 6వ అధ్యాయంలో విశ్వాసులు కోర్టుకెక్కకూడదని ఉంది కదా" అంటారు మీ పెద్దలు. ఉంది. అన్యాయం సహించడమే మేలు కాదా అని కూడా ఉంది, దాచిపెట్టను. అయితే అంతకుముందు పౌలు అడిగింది సంఘాన్ని: సహోదరుల మధ్య తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని. ఆ ఒక్కణ్ణి చూపించలేని సంఘానికి, నష్టపోయినవాడితో "సహించు" అనే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? సహించడం మీరు మనస్ఫూర్తిగా ఎంచుకుంటే అది త్యాగం. మీ మెడ వంచి చేయిస్తే దానికి వేరే పేరుంది.

మధ్యేమార్గం ఒకటుంది. న్యాయసేవల కమిటీ ద్వారా లోక్ అదాలత్‌కి వెళ్ళొచ్చు, కేసు వెయ్యక ముందే కూడా. ఇద్దరూ కూర్చుని రాజీపడతారు. అక్కడ రాసిన తీర్పు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. రాజీయే కాబట్టి పౌలు మాటకీ దగ్గరగా ఉంటుంది, నోటిమాట కాకుండా కాగితమూ ఉంటుంది. ఆ కాగితంలో డబ్బుతో పాటు ఇవి రాయించండి: చెరువుగట్టుకీ మీ చేనుకీ మధ్య ఊట లాగే బోదె తవ్వించడం, చెరువు ఖాళీ చేసే నీళ్ళు మీ సాగునీటి కాలవలోకి వదలకపోవడం, మీ చేను కడగడానికి అయ్యే ఖర్చులో వాటా. మట్టి పరీక్ష మాత్రం ఇప్పుడే చేయించుకోండి, వానలు పడ్డాక ఉప్పు పల్చబడి మీ మాటకి ఆధారం ఉండదు. ఎవరో చెప్పారని పరీక్ష లేకుండా జిప్సం కొట్టెయ్యకండి. అది క్షారపు చౌడుకి పనిచేస్తుంది, ఒట్టి ఉప్పుకి మంచినీళ్ళే మందు. చౌడు తట్టుకునే వరి రకాల గురించి మారుటేరు పరిశోధన స్థానంలో అడగండి.

మీ సంఘానికి కూడా ఒక పని ఉంది. ఫిలేమోనుకి రాసిన పత్రికలో పౌలు, నీ దాసుడు ఒనేసిము నీకేమైనా నష్టం చేసి ఉంటే, బాకీ ఉంటే, అది నా లెక్కలో వెయ్యి, నేనే తీరుస్తాను అని తన చేత్తో రాశాడు. క్షమించమని చెప్పడానికి ఆయనకి ఆ హక్కు అలా వచ్చింది. మీ పెద్దలు మళ్ళీ వచ్చి క్షమించమంటే, గొడవ పెట్టుకోకుండా మర్యాదగానే ఆ పత్రిక తీసి చదివి వినిపించండి. మీ తమ్ముడు ఇవ్వలేనిదాంట్లో కొంత సంఘం వేసుకుంటే మీ ఇద్దరి మధ్యా సగం దూరం తగ్గుతుంది.

ఒకవేళ రాజీ అయిందనుకుందాం. అప్పుడు మళ్ళీ పాతరోజుల్లా ఉండాలా? యోసేపుని చూడండి. అన్నలు ఐగుప్తుకి వచ్చిన మొదటిసారే వాళ్ళకి ధాన్యం ఇచ్చాడు, వాళ్ళ రూకలు వాళ్ళ గోనెల్లోనే తిరిగి పెట్టించాడు, చాటుకి వెళ్ళి ఏడ్చాడు. అయినా నేనే యోసేపునని చెప్పలేదు. షిమ్యోనుని ఆపాడు, వెండిగిన్నె పెట్టించి పరీక్షించాడు. బెన్యామీనుకి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోమని యూదా ముందుకొచ్చాక గానీ బయటపడలేదు. మనసులో వదిలెయ్యడం మొదటిసారే అయిపోయినట్టుంది, నమ్మకానికి మాత్రం చాలా కాలం పట్టింది. మీరూ అంతే. మీ తమ్ముడు బాంకు లోనుకి హామీ సంతకం పెట్టమంటే పెట్టనక్కర్లేదు. మిగిలిన ఎకరం లీజుకి అడిగితే ఇవ్వనక్కర్లేదు. కనపడితే పలకరించండి, ఇంట్లో జబ్బు చేస్తే వెళ్ళి చూసిరండి, కష్టం వస్తే నిలబడండి. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" సమాధానంగా ఉండమన్నాడు పౌలు. మీ చేతిలో లేనిది ఆయన మీ లెక్కలో వెయ్యలేదు.

చివరిగా పెళ్ళి. మీరు వెళ్ళండి. ఆ పిల్ల మిమ్మల్ని పెదనాన్నా అని పిలుస్తుంది, చెరువు తవ్వింది ఆ పిల్ల కాదు. ఎప్పుడూ చదివించేంతే చదివించండి. నష్టం వచ్చిందని తగ్గించొద్దు, గొప్ప చూపించుకోవడానికి పెంచనూ వద్దు. మీ ఇంటావిడని మాత్రం బలవంతం చెయ్యకండి. తాకట్టులో ఉన్నవి ఆవిడ గాజులు. బోసి చేతులతో ఆ పందిట్లో నలుగురి మధ్యా కూర్చోవడం ఎలా ఉంటుందో మనకి తెలీదు. ఆవిడ కోపం మీ కోపం కంటే నెమ్మదిగా దిగుతుందేమో, దిగనివ్వండి. రాకపోతే "జ్వరం వచ్చింది" అని అబద్ధం చెప్పొద్దు, "రాలేదు" అని చెప్పి ఊరుకోండి. చేను సంగతి ఎవరైనా పందిట్లో కదిపితే మాట తప్పించెయ్యండి. ఆ మాటలు మాట్లాడుకోవడానికి చెరువుగట్టు ఉంది, వీలైతే పెళ్ళికి ముందే వెళ్ళి మాట్లాడుకు రండి.